చివరి పాటలు

నలభై ఏళ్ళకు దగ్గరగా తెలుగు పద్యం చెప్పి జీతం పుచ్చుకున్నవాడికి అమెరికా దేశపు ఫంక్ రాక్ పాటలతో ఏమి పని అని మీకు అనిపించవచ్చు. నాకూ మొదట అలాగే అనిపించింది. ఆ బృందం పేరు రెడ్ హాట్ చిల్లీ పెప్పర్స్. గుంటూరు జిల్లాలో పుట్టి పెరిగినవాడిని గనుక ఎర్రని మిరపకాయల ఘాటు నాకు కొత్త కాదు గానీ, ఆ పేరుతో పాటలు పాడేవారు ఉంటారని మాత్రం 2006 దాకా తెలియదు.

ఆ సంవత్సరం మా అబ్బాయి ఇంజనీరింగు చదువుతూ సెలవులకు ఇంటికి వచ్చాడు. మధ్యాహ్నం పూట నేను కాస్త నడుము వాల్చితే, పక్కగదిలో కంప్యూటరులోంచి దబదబమని ఏదో మోత. నేను లేచి వెళ్ళి "ఏమిట్రా ఈ రగడ?" అని కసిరాను. వాడు నవ్వి, "నాన్నా, రగడ అంటే మీ ఛందస్సులో ఒక జాతి కదా! మీరే చెప్పారు" అన్నాడు. నా పాఠం నాకే అప్పజెప్పాడు. నేను మాట్లాడకుండా తలుపు దగ్గరగా వేసి వచ్చాను.

వాడన్నది ఎంత నిజమో నాకు 2020లో గాని తెలిసిరాలేదు. ఆ సంవత్సరమే నాకు ఉద్యోగ విరమణ అయింది. కరోనా వలన ఇల్లు కదలడానికి లేదు. అబ్బాయి విదేశంలో చిక్కుకుపోయాడు. వాడి గదిలో ఆ పాత కంప్యూటరు, అందులో వాడు దాచుకున్న పాటలు ఉన్నాయి. బిడ్డ మీది బెంగ కొద్దీ వాడు విన్నవి నేనూ వినడం మొదలుపెట్టాను. మొదట మోత మాత్రమే వినిపించింది. వారం గడిచాక నడక వినిపించింది. నెల గడిచాక, ఆ మోత వెనుక ఎవరో ఏడుస్తున్నట్టు అనిపించింది. అది ఎవరి ఏడుపో వెతుక్కుంటూ పోతే నా సొంత అపరాధం ఒకటి ఎదురుపడింది. అది చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు ఆ నడక సంగతి. ఫంక్ అన్నది నల్లజాతి అమెరికనుల సంగీతం. 1960లలో జేమ్స్ బ్రౌన్ వంటివారు దానికి రూపం ఇచ్చారు. అందులో నాలుగు దెబ్బల ఆవృతం ఉంటే బలమంతా మొదటి దెబ్బ మీద పడుతుంది. తక్కినవి ఎటు పోయినా, ఎంత తప్పించుకున్నా, ఆ మొదటి దెబ్బ దగ్గరికి అందరూ వచ్చి కలుసుకోవలసిందే. మన తాళంలో సమం మీదికి రావడం వంటిదే ఇది. దానికి రాక్ సంగీతపు గిటారు జోరు కలిపితే ఫంక్ రాక్. ఈ బృందంలో బేస్ గిటారు వాయించే ఫ్లీ అనే ఆయన తంత్రులను మీటడమే కాదు, బొటనవేలితో కొడతాడు కూడా. తీగవాయిద్యాన్ని చర్మవాద్యంగా మార్చుకున్నాడు. గాయకుడు ఆంథొనీ కీడిస్ మొదటి రోజుల్లో రాగం తీయడం బొత్తిగా తక్కువ. మాత్రలు లెక్కగట్టి, పాదం చివర అంత్యప్రాస వేసుకుంటూ గబగబ చెప్పుకుపోతాడు. మన రగడల లక్షణం కూడా ఇదే కదా! రగడ అనే మాటకు గొడవ అనే అర్థమూ ఉండడం మా అబ్బాయికి కలిసివచ్చింది.

ఇక వారి పాటల్లోని శృంగారం మాట. అందులో దాపరికం లేదు. కొన్ని పాటలు పదిమందిలో వినదగినవి కావు. శ్రీనాథుడి చాటువులను తరగతిలో దాటవేసి, ఇంట్లో తలుపు మూసుకుని చదువుకున్నవాడిని గనుక నేను వారిని తీర్పు తీర్చబోను. ఈ బృందం పేరు చెప్పగానే లోకానికి గుర్తుకు వచ్చేది చొక్కాలు లేకుండా వేదిక మీద గెంతే నలుగురు మనుషులు. పాటలంటే "అండర్ ది బ్రిడ్జ్", "కాలిఫోర్నికేషన్", "స్కార్ టిష్యూ", "అదర్‌సైడ్". అవి మంచి పాటలే. కాని వాటిని గురించి చెప్పడానికి వేలమంది ఉన్నారు. నేను చెప్పదలచినవి ఎవరూ అంతగా పట్టించుకోని పాటలు. వాటిలో చాలావరకు పోయినవారి కోసం పాడినవి.

ఆ కథ లాస్ ఏంజెలెస్ నగరంలోని ఫెయిర్‌ఫాక్స్ హైస్కూలులో మొదలవుతుంది. అక్కడ కలిసి చదువుకున్న నలుగురు కుర్రవాళ్ళు కీడిస్, ఫ్లీ, గిటారు వాయించే హిల్లెల్ స్లోవాక్, డ్రమ్ములు వాయించే జాక్ ఐరన్స్. ఫ్లీ అసలు పేరు మైకేల్ బాల్జరీ, పుట్టింది ఆస్ట్రేలియాలో. స్లోవాక్ పుట్టింది ఇజ్రాయెల్‌లోని హైఫాలో. ఫ్లీకి అప్పటిదాకా ట్రంపెట్ వచ్చు. చేతికి బేస్ గిటారు ఇచ్చి నేర్చుకొమ్మన్నవాడు స్లోవాక్. ఆ తరువాత వీరు బృందంగా కచేరీలు మొదలుపెట్టారు. స్లోవాక్, ఐరన్స్ వేరొక బృందంలో కూడా ఉన్నందువలన 1984లో వచ్చిన మొదటి ఆల్బమ్‌లో వారు లేరు. 1985 నాటి రెండవ ఆల్బమ్‌కు స్లోవాక్ తిరిగి వచ్చాడు. దానిని చేయించినవాడు ఫంక్ సంగీతంలో పెద్ద గురువు జార్జ్ క్లింటన్. 1987లో వచ్చిన మూడవదాని పేరు "ది అప్‌లిఫ్ట్ మోఫో పార్టీ ప్లాన్". చిన్ననాటి స్నేహితులు నలుగురూ కలిసి వాయించిన ఆల్బమ్ అదొక్కటే.

అందులో "బిహైండ్ ది సన్" అనే పాట ఉంది. నేను మొదట మీకు వినిపించదలచినది అది. చుట్టూ ఉన్న పాటలన్నీ దూకుతూ పరుగెడుతూ ఉంటే ఇదొక్కటి నింపాదిగా, పసిపిల్లల కథలోని లోకంలా తెరుచుకుంటుంది. ఇందులో స్లోవాక్ సితారు వాయించాడు. మన రవిశంకర్ చేతిలో విన్న చెవికి అది ఏమంత గొప్పగా ఉండదు. రాని భాషలో ఎవరైనా మనల్ని ప్రేమగా పలకరిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఉచ్చారణ తప్పయినా ముద్దుగానే ఉంటుంది. ఆ పాటను అప్పట్లో ఎవరూ గమనించలేదు. 1992లో, బృందానికి పేరు వచ్చాక, పాత పాటల సంకలనంతో పాటు విడిగా విడుదల చేశారు. అప్పటికి సితారు వాయించినవాడు చనిపోయి నాలుగేళ్ళయింది.

1988 జూన్ 25న స్లోవాక్ హెరాయిన్ ఎక్కువై మరణించాడు. ఇరవయ్యారేళ్ళవాడు. కీడిస్ కూడా అదే మందుకు బానిస. ఇద్దరూ కలిసే అందులోకి దిగారు. స్నేహితుడు పోయాడన్న వార్త విని కీడిస్ అంత్యక్రియలకు వెళ్ళలేదు. మెక్సికో దేశంలోని ఒక చేపలపల్లెకు పారిపోయాడు. ఈ సంగతి ఆయనే 2004లో వచ్చిన తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. జాక్ ఐరన్స్ ఆ దుఃఖం భరించలేక బృందం విడిచిపోయాడు.

కీడిస్ అంత్యక్రియలకు వెళ్ళలేదన్న సంగతి తెలిసిన రోజున నేను పాటలు కట్టివేసి, పెరట్లోకి వెళ్ళి చాలాసేపు కూర్చున్నాను.

మా బడిలో ఒక డ్రాయింగు మాస్టారు ఉండేవారు. ఆయన పేరు ఇక్కడ రాయను. నాకంటె రెండేళ్ళు పెద్ద. బొమ్మలు వేయడం ఆయన ఉద్యోగం, డోలక్ వాయించడం ఆయన ప్రాణం. ఊళ్ళో భజన అయినా, హరికథ అయినా, బడి వార్షికోత్సవం అయినా డోలక్ ఆయనదే. నేను ఖాళీ పీరియడులో ద్విపద చదువుతుంటే బల్ల మీద వేళ్ళతో దరువు వేసేవారు. "పంతులు గారూ, మీరు గణాలు లెక్కపెడతారు, నేను దెబ్బలు లెక్కపెడతాను, ఇద్దరిదీ ఒకటే దుకాణం" అనేవారు. నాకు ఛందస్సు శాస్త్రంగా తెలుసు. అది ఒంట్లో ఎక్కడ ఉంటుందో చూపించినవారు ఆయన.

ఆయనకు తాగుడు ఉండేది. మొదట పండుగలకు, తరువాత ఆదివారాలకు, ఆ తరువాత వారాలతో పని లేకుండా. 1995 జనవరిలో రాష్ట్రంలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చినప్పుడు ఆయన భార్య గుడిలో కొబ్బరికాయ కొట్టింది. మాస్టారు కొన్నాళ్ళు నిజంగానే తేరుకున్నారు. కాని నిషేధం ఉన్న రోజుల్లోనే దొంగసారా దారి కనిపెట్టారు. 1997లో నిషేధం సడలించాక ఇక దారి వెతుక్కోవలసిన పనే లేకపోయింది.

ఒకనాటి సాయంత్రం చెరువుగట్టు మీద నడుస్తూ ఉండగా ఆయన ఆగి, "పంతులు గారూ, నేను ఎక్కువ తాగుతున్నానని మీకు తెలుసు. బడిలో అందరికీ తెలుసు. అందరూ నా వెనుక అనుకుంటున్నారు. మీరు ఒక్కసారైనా నన్ను మొహం మీద కోప్పడరేం?" అన్నారు.

నేను ఏం చేశానో తెలుసునా? నవ్వి, మంచి మిత్రుడి లక్షణాలను గురించి భర్తృహరి చెప్పిన శ్లోకానికి తెలుగు పద్యం ఒకటి చదివాను. రాగం తీసి చదివాను. ఆయన విన్నారు. బల్ల లేదు గనుక తొడ మీద దరువు వేశారు. "బాగుంది" అన్నారు. ఇద్దరం ఇంటికి వచ్చాం. చేయి చాచి అడిగిన మనిషి చేతిలో పద్యం పెట్టి పంపించాను.

1998 ఏప్రిల్‌లో ఆయన పోయారు. నేను అప్పుడు జిల్లా కేంద్రంలో పదవ తరగతి జవాబుపత్రాల మూల్యాంకనంలో ఉన్నాను. కబురు ఉదయం తొమ్మిదింటికి అందింది. బస్సెక్కితే రెండు గంటల దారి. సెలవు అడిగితే ఇవ్వకపోయేవారు కారు. నేను అడగలేదు. ఆ పూట నా వంతు పేపర్లన్నీ దిద్ది, మార్కులు రెండుసార్లు కూడి, సంతకం చేసి ఇచ్చాను. డ్యూటీ అని చెప్పుకున్నాను. అసలు కారణం ఆయన భార్య మొహం చూడడానికి భయం. ఆ రోజుల్లో నాకు దొరికిన మెక్సికో మూల్యాంకన కేంద్రం.

ఇక పాటలను నేను వినే తీరు మారిపోయింది. స్లోవాక్ పోయిన మరుసటి సంవత్సరం, 1989లో, "మదర్స్ మిల్క్" వచ్చింది. కొత్త గిటారిస్టు జాన్ ఫ్రూషాంటే పద్ధెనిమిదేళ్ళ పిల్లవాడు. స్లోవాక్ వాయింపును ఆరాధిస్తూ పెరిగినవాడు. కొత్త డ్రమ్మరు చాడ్ స్మిత్. అందులోని "నాక్ మీ డౌన్" పాట స్లోవాక్ మరణాన్ని తలచుకుని రాసినది. తాను మత్తులోనో మదంలోనో మిడిసిపడుతుంటే తనను ఆపమని స్నేహితులను అడుగుతున్న మనిషి పాట అది. నేను దానిని అర్థం చేసుకుంటూ వింటున్నప్పుడు చెరువుగట్టు మీది మాట మళ్ళీ వినబడింది. అదే ఆల్బమ్‌లో "ప్రెట్టీ లిటిల్ డిట్టీ" అని మాటలు లేని చిన్న వాద్యగీతం ఉంది. దీనికి ఒక వింత యోగం పట్టింది. క్రేజీ టౌన్ అనే మరొక బృందం దీనిలోని స్వరాల తునకను తీసుకుని "బటర్‌ఫ్లై" అనే పాట కట్టింది. అది 2001లో అమెరికా పాటల పట్టికలో మొదటి స్థానానికి చేరింది. పువ్వును అందరూ కొన్నారు, చెట్టు పేరు కొద్దిమందికే తెలుసు.

1991లో రిక్ రూబిన్ నిర్మాణంలో "బ్లడ్ షుగర్ సెక్స్ మాజిక్" వచ్చింది. వీరికి లోకప్రసిద్ధి తెచ్చినది ఇదే. పదిహేడు పాటలు. "అండర్ ది బ్రిడ్జ్" పదకొండవది. విన్నవారు చాలామంది అక్కడ ఆగిపోతారు. పదిహేనవ పాట "మై లవ్లీ మ్యాన్". అది స్లోవాక్ కోసం. ఈ పాటలో నన్ను ఆశ్చర్యపరిచినది దాని వేగం. దుఃఖమంటే విలంబకాలంలోనే ఉండాలని మనకు ఒక అభిప్రాయం. రఘువంశంలో అజవిలాపానికీ, కుమారసంభవంలో రతివిలాపానికీ కాళిదాసు వియోగిని వృత్తం ఎన్నుకున్నాడు. ఆ నడకలోనే గద్గదం ఉంటుంది. ఇక్కడ అలా కాదు. గిటారు ఉరుకుతుంది, బేస్ గంతులు వేస్తుంది, సమం మీద దెబ్బ గట్టిగా పడుతుంది. మొదట నాకు ఇది అనౌచిత్యం అనిపించింది. తరువాత తెలిసింది. చనిపోయినవాడు వాయించిన సంగీతం అది. అతడి సంగీతంతోనే అతడిని తలచుకుంటున్నారు. మా మాస్టారి సంస్మరణసభలో రెండు నిమిషాలు మౌనం పాటించాము. ఎవరైనా డోలక్ వాయించి ఉంటే ఆయన ఆత్మ సంతోషించి ఉండేది.

తెలుగులో మిత్రుని కోసం రాసిన స్మృతిగీతం అనగానే శ్రీశ్రీ "కొంపెల్ల జనార్దనరావు కోసం" తలపుకు వస్తుంది. మహాప్రస్థానాన్ని ఆ మిత్రుడికే అంకితం ఇచ్చాడు. దానిని నేను ఎన్నోమార్లు పిల్లలకు చదివి వినిపించాను. గొంతు బాగా పలికేది, కళ్ళు మాత్రం పొడిగా ఉండేవి. అర్థం చెప్పడం వేరు, అర్థం కావడం వేరు.

తరువాతి కథ ఇంకా చిక్కు. 1992లో జపాను పర్యటన మధ్యలో ఫ్రూషాంటే బృందాన్ని విడిచిపెట్టాడు. ఆ తరువాత ఏళ్ళపాటు హెరాయిన్‌లో మునిగి చావు అంచుదాకా వెళ్ళాడు. అతని స్థానంలో డేవ్ నవారో వచ్చాడు. 1995లో "వన్ హాట్ మినిట్" చేశారు. దీనికి ముందుదానికి వచ్చినంత ఆదరణ రాలేదు. నవారో వెళ్ళిపోయాక దీనిలోని పాటలను చాలా ఏళ్ళు వేదికల మీద వారే దాదాపు మరిచిపోయారు. నా దృష్టిలో ఇది అన్యాయం. ఇందులో "టియర్‌జర్కర్" 1994లో మరణించిన గాయకుడు కర్ట్ కొబేన్ కోసం పాడినది. చిట్టచివరి పాట "ట్రాన్సెండింగ్" నటుడు రివర్ ఫీనిక్స్ కోసం. ఆ అబ్బాయి ఫ్లీకి ఆప్తమిత్రుడు. 1993 అక్టోబరు 31న లాస్ ఏంజెలెస్‌లో మత్తుమందుల వల్లనే పోయాడు. ఇరవైమూడేళ్ళు. పాట మెత్తగా, పలకరింపులా మొదలవుతుంది. పోనుపోను గొంతు బిగుస్తుంది. చివరికి అది పాటగా మిగలదు, అరుపు అవుతుంది. మన ఇళ్ళలో శవం లేచే వేళ ఆడవాళ్ళ గొంతులు ఎలా మారతాయో విన్నవారికి ఇది కొత్త కాదు. మొదటిసారి విన్నప్పుడు నేను కట్టివేశాను. రెండవసారి చివరిదాకా విన్నాను.

ఇక్కడే నాకు ఒక సంగతి తట్టింది. వీరు గుండెకు దగ్గరి మనుషుల కోసం పాడిన పాటలను ఆల్బమ్ చివర పెట్టుకుంటున్నారు. వెనక్కి ముందుకు చూసుకున్నాను. 1995లో చివరి పాట "ట్రాన్సెండింగ్". 1999లో "కాలిఫోర్నికేషన్" ఆల్బమ్ చివరి పాట "రోడ్ ట్రిప్పిన్". 2002లో "బై ది వే" చివరి పాట "వెనిస్ క్వీన్". 2006లో ఇరవై ఎనిమిది పాటల "స్టేడియం ఆర్కేడియం" చివరి పాట "డెత్ ఆఫ్ ఎ మార్షన్". వరుసగా నాలుగు. మన కచేరీలలో మంగళం పాడేసరికి సగంమంది చెప్పులు వెతుక్కుంటూ ఉంటారు. ఈ పాటలకు పట్టిన గతి కూడా అదే.

"రోడ్ ట్రిప్పిన్" పోయినవారి పాట కాదు, తిరిగివచ్చినవారి పాట. 1998లో ఫ్లీ, చికిత్స పొంది బయటపడిన ఫ్రూషాంటే ఇంటికి స్వయంగా వెళ్ళి, మళ్ళీ బృందంలోకి రమ్మని అడిగాడు. నాకు ఈ బృందం చరిత్ర అంతటిలోను ఇంతకన్నా పెద్ద సంఘటన కనిపించదు. పేరూ డబ్బూ వచ్చిన మనిషి, వదిలేసి వెళ్ళిపోయిన మనిషి గుమ్మం తొక్కి నువ్వు లేనిదే కాదు అన్నాడు. మరుసటి సంవత్సరం వచ్చిన ఆల్బమ్ చివర ఈ పాట ఉంది. కీడిస్, ఫ్లీ, ఫ్రూషాంటే ముగ్గురూ కలిసి కాలిఫోర్నియా తీరంలోని బిగ్ సర్ దాకా చేసిన ప్రయాణం దీనికి ఆధారం. ఇందులో డ్రమ్ములు లేవు. సమం మీద దెబ్బ కొట్టేవారు లేకపోయినా ముగ్గురూ అక్కడే కలుస్తారు. ఇది కొన్ని దేశాలలో విడిగా విడుదలైనా, మోత కోసం వచ్చిన శ్రోతలు దీని దగ్గర ఎక్కువసేపు నిలవరు.

"వెనిస్ క్వీన్" గ్లోరియా స్కాట్ అనే ఆమె కోసం. కీడిస్‌కు మత్తుమందుల నుంచి బయటపడడంలో దారి చూపినది ఆమె. లాస్ ఏంజెలెస్ పక్కన వెనిస్ అనే సముద్రతీరంలో ఉండేది. క్యాన్సరుతో మరణించింది. ఆరు నిమిషాల పైచిలుకు పాట. మొదటి సగం తెరలు తెరలుగా, నీళ్ళ మీద తేలుతున్నట్టు సాగుతుంది. సగం దాటాక ఒక్కసారి నడక మారుతుంది. గిటారు తీగలు గలగలమంటాయి, గొంతులు కలుస్తాయి. వీడ్కోలు చెప్పడానికి వచ్చినవాళ్ళు దుఃఖం పక్కన పెట్టి, ఆమె చేసిన మేలు చెప్పుకుంటూ ఊరేగింపుగా నడుస్తున్నట్టు ఉంటుంది. ఆమె ఆయనను మొహం మీద కోప్పడి ఉంటుందని నేను ఊహించుకుంటాను. ఇన్ని పాటలలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే.

"డెత్ ఆఫ్ ఎ మార్షన్" సంగతి చెబితే మీరు నవ్వవచ్చు. మార్షన్ ఫ్లీ పెంచుకున్న కుక్క పేరు. కుక్క మీద స్మృతిగీతమా అని నేనూ అనుకున్నాను. ధర్మరాజు స్వర్గద్వారం దగ్గర కుక్కను విడిచి లోపలికి రానన్న కథను పాఠంగా చెప్పినవాడిని, అలా అనుకోకూడదు. పాట చివర గానం ఆగి, మాటలు ఒకదాని వెంట ఒకటి వచనంలా దొర్లుకుంటూ పోతాయి. ఆ ఆల్బమ్‌లోనే "వెట్ శాండ్" అనే పాట ఉంది. విడిగా విడుదల చేయలేదు. చెవి ఉన్నవారు మాత్రం దానిని వదలరు. నెమ్మదిగా పేర్చుకుంటూ పోయి, చివరి నిమిషంలో ఫ్రూషాంటే గిటారు నోరు విప్పుతుంది. చచ్చి బతికినవాడి చేతివేళ్ళు అవి అని తెలిసి వింటే మరోలా వినిపిస్తుంది.

తరువాత కూడా వారు ఈ ఆచారం మానలేదు. తొలి రోజుల్లో తమకు వేదిక చూపిన బ్రెండన్ మలెన్ 2009లో పోతే 2011లో "బ్రెండన్స్ డెత్ సాంగ్" పాడారు. మరొకసారి వెళ్ళిపోయిన ఫ్రూషాంటే 2019లో మళ్ళీ తిరిగి వచ్చాడు. 2020లో గిటారు విద్వాంసుడు ఎడ్డీ వాన్ హేలెన్ పోతే 2022లో "ఎడ్డీ" పాడారు. అరవయ్యేళ్ళు పైబడినా ఫ్లీ ఇంకా గెంతుతూనే ఉన్నాడు. 2001లో ఆయన తన ఊళ్ళో పిల్లల కోసం సంగీతపాఠశాల కూడా పెట్టాడు. చేతికి వాయిద్యం ఇచ్చి నేర్చుకొమ్మన్న స్నేహితుడి ఋణం తీర్చుకునే పద్ధతి ఇది కాబోలు.

ఈ మాటలు ఒకరోజు ఫోనులో మా అబ్బాయితో చెప్పాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తరువాత, "నాన్నా, డ్రాయింగు మాస్టారి ఇంటికి ఎప్పుడైనా వెళ్ళారా?" అన్నాడు. వాడికి ఆయన చిన్నప్పుడు ఏనుగు బొమ్మ వేసి ఇచ్చారు. నేను వెళ్ళలేదన్నాను. "పాటలు విన్నారుగా, వెళ్ళండి" అన్నాడు. వాడు నన్ను మొహం మీద కోప్పడ్డాడు. నేను చేయవలసి ఉండి చేయలేనిది, నా కొడుకు నాకు చేశాడు.

2024 సంక్రాంతి వెళ్ళాక బస్సెక్కి వెళ్ళాను. మాస్టారు పోయి పాతికేళ్ళు దాటింది. అదే ఇల్లు, పైన ఒక అంతస్తు లేచింది. ఆయన భార్య నన్ను వెంటనే గుర్తుపట్టింది. "రండి అన్నయ్యగారూ" అని కుర్చీ వేసింది. వచ్చేదారి పొడుగునా వాక్యాలు కూర్చుకున్నాను. అక్కడ ఒక్కటీ రాలేదు. "అమ్మా, ఆ రోజు నేను రాగలిగి ఉండి రాలేదు. ఆయన నన్ను కోప్పడమని అడిగారు, కోప్పడలేదు" అని మాత్రం అన్నాను. పద్యం ఏదీ చదవలేదు.

ఆమె కొంగుతో కుర్చీ చేయి తుడుస్తూ, "మీరు రాలేదేమని ఆ రోజు మా బావగారు అడిగారు. పేపర్లు దిద్దుతున్నారని నేనే సర్దిచెప్పాను. నాకూ కోపం వచ్చింది అన్నయ్యగారూ. చాలా ఏళ్ళు ఉంది" అంది. కాసేపాగి, "నేను రోజూ కోప్పడేదాన్ని. ఆగారా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. నన్ను క్షమించినట్టు ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. లోపలినుంచి కాఫీ తెచ్చింది. అటక మీద డోలక్ ఇంకా ఉందని, మనవడు తీసి కొడుతుంటాడని చెప్పింది. ఆ పిల్లవాడు బడి నుంచి వచ్చేదాకా కూర్చున్నాను. పదేళ్ళుంటాయి. "తాతగారి స్నేహితుడు" అని ఆమె చెప్పగానే వాడు అడగకుండానే డోలక్ దించి వాయించాడు. ఎవరూ నేర్పలేదట. దెబ్బలు చాలా తప్పాయి. అయినా ప్రతి ఆవృతంలోను మొదటి దెబ్బ దగ్గరికి మాత్రం తిన్నగా వచ్చి పడ్డాడు.

చివరి బస్సుకు నన్ను ఎక్కించడానికి వాడే వీధి చివరిదాకా వచ్చాడు. ఇప్పుడు నెలకోసారి వెళుతున్నాను. వాడు డోలక్ వాయిస్తాడు, నేను ద్విపద చదువుతాను.

మీలో ఎవరికైనా ఈ బృందం పాటలు వినాలనిపిస్తే, "వెనిస్ క్వీన్"తో మొదలుపెట్టండి. ఏ ఆల్బమ్ విన్నా చివరి పాట అయ్యేదాకా లేవకండి.